పాత రైలు ఫోటోల స్కానింగ్: అపోహలు - వాస్తవాలు

నల్గొండలో ఒక చిన్న గ్రంథాలయానికి జనం తెచ్చిచ్చే పాత ఫోటోలను స్కాన్ చేయడం నా పని. సంతలు, జాతరలు, బతుకమ్మలు, రైల్వే ప్లాట్‌ఫారాలు, అన్నీ వస్తాయి. వాటితో పాటే కొన్ని అపోహలూ వస్తాయి.

అపోహ: సెల్‌ఫోన్‌తో తీసుకుంటే చాలు.

వాట్సాప్‌లో చూసుకోవడానికి చాలు, దాచడానికి చాలదు. మేం ఫ్లాట్‌బెడ్ స్కానర్‌లో 600 డీపీఐతో (అంగుళానికి 600 చుక్కల వివరంతో) స్కాన్ చేసి, వివరం పోకుండా దాచే టిఫ్ ఫైలుగా ఉంచుతాం. 6×4 అంగుళాల ఫోటో దాదాపు 26 ఎంబీ అవుతుంది. బ్లాక్ అండ్ వైట్ ఫోటోనైనా రంగుల్లోనే స్కాన్ చేస్తాం. కాగితం ఎంత పసుపెక్కిందో, మరక సిరాదో తేమదో అప్పుడే తెలుస్తుంది.

అపోహ: ముందువైపు స్కాన్ చేస్తే పని అయిపోయినట్టే.

ఎక్కువ నష్టం చేసేది ఇదే. అగ్గిపెట్టెకు రెండింతలుండే ఒక ఫోటో వెనక "నల్గొండ స్టేషన్, 1965" అని రాసి ఉంది. నల్గొండ మీదుగా బీబీనగర్–నడికుడి లైను పూర్తయింది 1989లో. 1965లో ఈ ఊరికి రైలే లేదు. అలాగని రాసినాయన అబద్ధం రాయలేదు. కాజీపేట లైను మీది భువనగిరి, ఆలేరు అప్పట్లో నల్గొండ జిల్లావే. 1200 డీపీఐలో మళ్లీ స్కాన్ చేసి పెద్దది చేసి చూస్తే, ఇంజిను పొగ పక్కన బోర్డు చివర "రి" కనబడింది. ఆ రాతను దిద్దలేదు. మా జాబితాలో ఉన్నది ఉన్నట్టే ఎక్కించి, భువనగిరి కావచ్చన్న మా అనుమానాన్ని పక్క గడిలో రాశాం.

పాలమూరు (మహబూబ్‌నగర్) వైపు ఫోటోలకైతే పట్టాలే సాక్ష్యం. సికింద్రాబాద్–ద్రోణాచలం (డోన్) లైను 1990ల్లో బ్రాడ్ గేజ్ అయింది. అంతకుముందు మీటర్ గేజ్, పట్టాల మధ్య 1000 మిల్లీమీటర్లే. ఇప్పుడు 1676. మహబూబ్‌నగర్ ఫోటోలో పట్టాలు దగ్గర దగ్గరగా కనిపిస్తే అది గేజ్ మార్పిడికి ముందుదే.

మనుషుల పేర్లు మాత్రం ఏ స్కానరూ చెప్పదు. ఫోటోను పెద్ద ప్రింటు తీసి, ఒక్కో తల మీద అంకె వేసి ఊళ్లో పెద్దవాళ్ల దగ్గరికి పట్టుకెళ్తాం. "మూడో నంబరు మా మేనమామ, కీ మెన్‌గా చేసిండు" (పట్టాలు తనిఖీ చేసే రైల్వే ఉద్యోగి) అని ఒకవ్వ చెప్పిన రోజు ఆ ఫోటోకు ప్రాణం వచ్చింది.

అపోహ: ఫ్రేము గాజుకు అంటుకుంటే నెమ్మదిగా ఊడదీయాలి.

వద్దు. ఒకాయన ఇంట్లో ఊడదీస్తే పెళ్లికూతురి ముఖం గాజు మీదే ఉండిపోయింది. గాజుతో సహా తెస్తే అలాగే స్కాన్ చేస్తాం.

అపోహ: స్కాన్ అయ్యాక అసలు ఫోటోతో పనేముంది?

హార్డ్ డిస్క్ ఎప్పుడు మొరాయిస్తుందో చెప్పలేం. మూడు కాపీలు పెట్టుకోవాలి, ఒకటి వేరే ఊళ్లో. అసలు ఫోటోను లామినేషన్ చేయించొద్దు. ఆ వేడికి అంటుకున్న జిగురు మళ్లీ వదలదు. వెనక పేర్లు రాయాలంటే బాల్‌పెన్ను కాకుండా మెత్తని పెన్సిలు వాడండి.