కాఫీ కప్పులో జారు గమకం

మొన్న రాత్రి పదకొండు దాటాక కూడా ఫోన్ పక్కన పెట్టకుండా ఒకదాని వెనక ఒకటి వీడియోలు చూస్తుంటే ఒక చిత్రమైనది తగిలింది. ఎవరో కప్పులో వేడినీళ్లు పోసి, ఇన్‌స్టంట్ కాఫీ పొడి వేసి కలిపి, చెంచాతో కప్పు అడుగున టక్ టక్‌మని కొడుతున్నారు, అంతే. మాటల్లేవు, మ్యూజిక్ లేదు. కానీ ఆ టక్ టక్ బొంగురుగా మొదలై, కొడుతున్న కొద్దీ పైకి పైకి పోయి, కాసేపటికి కీచుమంటోంది. ఎడిటింగ్ మాయేమో అనుకున్నా. అయినా మనసు ఊరుకుంటుందా, లేచి వెళ్లి స్టవ్ వెలిగించా.

మాయ కాదు. పొడుగాటి పింగాణీ కప్పు తీసుకోండి, ముప్పావు వంతు మరిగిన నీళ్లు పోయండి, రెండు చెంచాల పొడి వేసి గబగబా తిప్పండి. తిప్పడం ఆపగానే, ఆలస్యం చేయకుండా, చెంచా కొనతో లోపలి నుంచే కప్పు అడుగున కొడుతూ ఉండండి. మొదటిసారి నేను అలవాటు కొద్దీ కప్పు గోడకి కొట్టాను, ఏమీ తేడా తెలియలేదు. అడుగున కొట్టాక చూడాలి సంబరం! వీణ తీగ మీద వేలు ఆపకుండా జార్చినట్టు, సంగీతంలో జారు గమకం అంటారే అలా, ఎక్కడా ఏ స్వరం దగ్గరా నిలబడకుండా స్థాయి పెరుగుతూ పోయింది. అంతా అయ్యాక మళ్లీ తిప్పితే మళ్లీ కిందికి దిగింది, కాకపోతే మొదటిసారి దిగినంత లోతుకు కాదు. ఫోన్‌లో ట్యూనర్ యాప్ కూడా పెట్టి చూశా గానీ, అంత పొట్టి చప్పుడు దానికి అందక ముల్లు పిచ్చిపట్టినట్టు ఊగింది. దీనికి చెవే నయం.

కారణం బుడగలు. పొడి రేణువుల సందుల్లో గాలి ఉంటుంది, వేడినీళ్లలో కరిగిన గాలి కూడా పొడి తగలగానే బయటికి వస్తుంది, రెండూ కలిసి కంటికి ఆనీ ఆనని బుడగలై నీళ్లంతా పరుచుకుంటాయి. అడుగున కొట్టినప్పుడు మోగేది కప్పు మాత్రమే కాదు, అందులో నిలబడ్డ నీళ్లు కూడా. వేణువులో గాలి మోగినట్టే, కింద నుంచి పైదాకా ఉన్న నీటి స్తంభం మోగుతుంది. ఆ మోత ఏ స్థాయిలో ఉండాలో తేల్చేవి రెండే: నీళ్ల ఎత్తు, నీళ్లలో ధ్వని వేగం. ఎత్తు మారలేదు కాబట్టి మారింది వేగమే.

ఇక్కడే నాకు నిద్ర పూర్తిగా ఎగిరిపోయింది. ధ్వని మామూలు నీళ్లలో సెకనుకి దాదాపు 1,500 మీటర్లు, గాలిలో 340 మీటర్లు పోతుంది. మరి నీళ్లలో కాస్త గాలి కలిపితే? ఈ రెంటికీ మధ్యలో ఎక్కడో ఉంటుందని ఎవరైనా అనుకుంటాం. కానీ నూటికి ఒక్క పాలు గాలి బుడగలు చేరినా చాలు, వేగం సుమారు 100 మీటర్లకి పడిపోతుంది, అంటే ఉత్త గాలిలో కన్నా తక్కువ! ఎందుకంటే బుడగల నీళ్లకి బరువేమో నీళ్లదే, నొక్కితే మెత్తగా లొంగే గుణం మాత్రం గాలిది వచ్చేస్తుంది. తడిసి బరువెక్కిన దూది పరుపుని ఒక చివర తోస్తే ఆ తోపు రెండో చివరకి ఎంత బద్ధకంగా చేరుతుందో ఊహించుకోండి. బుడగలు పైకి తేలి పగిలిపోతున్న కొద్దీ నీళ్లు మళ్లీ బిర్రుగా అవుతాయి, వేగం పెరుగుతుంది, దాంతో పాటే స్థాయీ పెరుగుతుంది.

అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఫ్రాంక్ క్రాఫర్డ్ అనే భౌతికశాస్త్రవేత్త 1982లో దీని మీద ఒక పరిశోధన వ్యాసమే రాశాడు. హాట్ చాక్లెట్‌లోనూ ఇది వినిపిస్తుంది, అందుకే ఇంగ్లీషులో దానికి హాట్ చాక్లెట్ ఎఫెక్ట్ అని పేరు పడింది, ఆయన కొలిచింది మాత్రం పొడుగాటి గాజు గొట్టంలో పోసిన వేడినీళ్లలో. దాదాపు మూడు స్థాయిల (ఆక్టేవ్‌ల) దాకా దిగుతుందట, అంటే మంద్ర, మధ్య, తార స్థాయిలు మూడూ దాదాపు ఒక్క గొట్టంలోనే.

జలతరంగం కూడా ఇదేనా అంటే కాదు. అక్కడ పుల్లతో కొట్టేది గిన్నె అంచుని, మోగేది గిన్నె గోడ. నీళ్లు ఎక్కువ పోస్తే ఆ గోడ అంత బరువునీ తోసుకుంటూ ఊగాలి కాబట్టి నెమ్మదిస్తుంది, స్వరం దిగుతుంది. నా మొదటి ప్రయత్నం తుస్సుమన్నది కూడా ఇందుకే, గోడకి కొట్టి జలతరంగం వాయించానన్నమాట.

కాఫీ తాగేశాక ఖాళీ కప్పుతో ఇంకో తమాషా ఉంది. అంచు మీద సరిగ్గా పిడి పైన కొట్టండి, తర్వాత పిడికీ దాని ఎదురు వైపుకీ మధ్యన కొట్టండి, ఒకటే స్వరం. పిడి నుంచి ఆ దూరంలో సగమే జరిగి కొట్టండి, స్వరం కాస్త పైకి పోతుంది. ఒక రకంగా ఊగినప్పుడు పిడి బరువుని కూడా మోయాలి, రెండో రకంలో పిడి ఉన్నచోటు దాదాపు కదలదు, అదీ తేడా. జలతరంగం గిన్నెలకి ఈ పేచీ లేదు, వాటికి పిడే ఉండదు.