బలగాలు వెళ్లాయి, మళ్లీ వచ్చాయి: కోయిలకుంట్ల నుంచి నల్లమల దాకా

మావోయిస్టులను పూర్తిగా తుడిచిపెట్టడానికి కేంద్రం 2026 మార్చి 31ని గడువుగా పెట్టుకుంది. 2025 మేలో ఆ పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాళ్ల కేశవరావు, నవంబర్‌లో మారేడుమిల్లి అడవిలో మరో అగ్రనేత హిడ్మా చనిపోయారు. ఇక తేలాల్సింది ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ నిండా క్యాంపులు వేసిన బలగాల సంగతి. ఎప్పుడు వెనక్కి పిలవాలి, ఎలా పిలవాలి? కర్నూలు, కడప వాళ్లకు ఇది ఎక్కడిదో గొడవ కాదు. ఆ తంతు ఇక్కడ ఒకటికి రెండుసార్లు చూశాం.

1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాడు. ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో సైన్యం అండతో 80 మంది దాకా పాలెగాళ్లను, అంటే ఊళ్లను ఏలే స్థానిక దొరలను, అణిచాడు. పాళేలు పోయాయి, కొందరికి పింఛన్లు మిగిలాయి. 1807లో మన్రో వెళ్లేనాటికి సీమ సద్దుమణిగిందనే కంపెనీ అనుకుంది.

నొస్సం పాలెగాడు జయరామిరెడ్డికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మనవడు. ఆయనకు నెలకు వచ్చేది 11 రూపాయల 10 అణాల 8 పైసలు. తాత పింఛన్లో వాటా అడిగితే సర్కారు కుదరదంది. అది ఒక్క ఇంటి బాధే అయితే అక్కడితో పోయేది. కానీ ఊరి కాపలా కాసే కట్టుబడివాళ్ల ఇనాం భూములను కూడా సర్కారు లాక్కుంది. పొట్ట కొట్టించుకున్న ఆ మనుషులే ఆయన బలగమయ్యారు. 1846 జులైలో, అప్పటికింకా కడప జిల్లాలోనే ఉన్న కోయిలకుంట్లలో, ఖజానా మీద పడ్డారు. సైన్యం మళ్లీ దిగింది. 1847 ఫిబ్రవరి 22న ఆయన్ను ఉరితీసి, తలను 1877 దాకా కోటకు వేలాడదీశారు. ముప్పై ఏళ్లు! కట్టుబడివాళ్ల చేలు వాళ్లకే వదిలేసి ఉంటే ఇంత ఘోరం జరిగేది కాదని నా నమ్మకం.

నల్లమల సంగతి మనలో చాలామందికి కళ్లెదుటిదే. 1989లో నక్సలైట్లను ఎదుర్కొనే ప్రత్యేక పోలీసు దళం గ్రేహౌండ్స్ పుట్టింది. ఆత్మకూరు, శ్రీశైలం వైపు చెంచు గూడేలు అన్నలకూ (నక్సలైట్లకూ) పోలీసులకూ మధ్య నలిగిపోయాయి. రాత్రి అన్నలొచ్చి అన్నం పెట్టమంటే కాదనలేరు. తెల్లారి పోలీసులొచ్చి ఎందుకు పెట్టావంటే జవాబుండదు. పోలీసులతో నాలుగు మాటలు మాట్లాడితే ఇన్ఫార్మర్ అన్న ముద్ర. ఆ ముద్ర పడితే ప్రాణానికే ముప్పు.

2004లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం కూంబింగ్ (అడవుల్లో పోలీసు గాలింపు) ఆపింది. మావోయిస్టు నేత రామకృష్ణ బృందం చిన్న ఆరుట్ల దగ్గర అడవి నుంచి బయటికొచ్చింది. శాంతి కోసం ఏళ్లుగా తిరిగిన ఎస్.ఆర్. శంకరన్ లాంటివాళ్ల చొరవతో అక్టోబర్ 15 నుంచి 18 దాకా హైదరాబాద్‌లో చర్చలు జరిగాయి. మావోయిస్టులు ఆయుధాలతో ఊళ్లలోకి రావచ్చా అన్న దగ్గర పీటముడి పడింది. భూముల పంపకం తేలలేదు. 2005 జనవరికి అంతా తెగిపోయింది. ఆగస్టు 15న మక్తల్ ఎమ్మెల్యే నర్సిరెడ్డిని మావోయిస్టులు చంపారు, రెండు రోజులకే వాళ్ల పార్టీ మీద నిషేధం తిరిగొచ్చింది. 2006 జులైలో మావోయిస్టుల రాష్ట్ర కార్యదర్శి మాధవ్ ఎన్‌కౌంటర్‌లో చనిపోయాడు. ఆపైన కొద్దికాలానికే నల్లమల ఖాళీ అయింది.

అప్పుడు భూమి మీద వేసిన కోనేరు రంగారావు కమిటీ 104 సిఫార్సులు చేసింది. కూంబింగ్‌కు చూపిన తొందర వాటి అమలులో చూపలేదు.

అందుకే బస్తర్ విషయంలో గడువు తేదీ ఒక్కటే చూడటం నాకు భయం. బలగాలు ఇళ్లకు రావాలి, వాళ్లలో మన సీమ పిల్లలూ ఉన్నారు. కానీ 2004లోలా షరతులు తేలకుండా ఒక్కసారిగా ఆపితే ఇరుపక్కలా మళ్లీ కాల్పులకు సిద్ధమవుతారు. ఒక్కో క్యాంపు ఎత్తేసే ముందు ఆ చుట్టుపక్కల ఎన్ని కుటుంబాలకు 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టాలిచ్చారో, గ్రామసభ ఏం తీర్మానించిందో కలెక్టరు బయటపెట్టాలి. ఆ లెక్క చూపించాకే స్థానిక పోలీసులకు బాధ్యత అప్పగించి జవాన్లను పంపాలి.