కరెంటు పెడితే కణం మాడిపోదా?

కల్వకుర్తిలో మోటార్ వైండింగ్ షాపు నడిపే ఒక పాఠకుడు అడిగారు: "క్యాన్సర్ గడ్డకు కరెంటు పెట్టి మందు లోపలికి పంపిస్తున్నరని పేపర్ల చదివిన సార్. కరెంటు పెడితే కణం మాడిపోదా? మాడకుంటే మరి దానికి తూటు ఎట్ల పడుతది?" రెండో ప్రశ్న మొదటిదానికంటే గట్టిది. అడిగింది రోజూ కరెంటుతో పనిచేసే మనిషి కాబట్టి ఆయన సామానుతోనే జవాబు చెబుతాను.

బోరు మోటరుకు పోయే కేబుల్ మధ్యలో ఒక జాయింటుకు చిలుము పట్టిందనుకుందాం. స్తంభం దగ్గర వోల్టేజీ సరిగ్గానే ఉంటుంది, మోటరు మాత్రం మూలుగుతుంటుంది. మోటరు నడుస్తుండగా మంచి తీగ మీద మీటరు ఎక్కడ పెట్టినా ముల్లు దాదాపు కదలదు. మీటరు వైర్లు జాయింటుకు అటొకటి ఇటొకటి పెడితే టక్కున లేస్తుంది. వంద గజాల తీగలో పోని వోల్టులు వేలెడంత జాయింటులో పోతున్నాయన్నమాట. అడ్డు ఎక్కడుంటే వోల్టేజీ అక్కడే పడుతుంది.

ఇప్పుడు కణానికి వద్దాం. లోపల ఉప్పునీరు, బయట ఉప్పునీరు. రెండింటిలోనూ కరెంటు బాగానే పారుతుంది. మధ్యలో ఉన్న పొర రెండు వరసల కొవ్వు అణువులు, మందం 5 నానోమీటర్లు. దాని గుండా కరెంటు పోవడం ఉప్పునీటిలో కంటే లక్షల రెట్లు కష్టం. అంటే ఆ పొరే మన చిలుము జాయింటు. ఎలక్ట్రోడ్లతో పెట్టిన వోల్టేజీలో కణం వంతుకు వచ్చిందంతా ఆ పొరలోనే పడుతుంది, లోపలి నీటికి దాదాపు ఏమీ మిగలదు.

పోలిక ఒకచోట చెడుతుంది. కేబుల్‌లో కరెంటుకు జాయింటు తప్ప వేరే దారి లేదు. కణం చుట్టూ నీరుంది కాబట్టి కరెంటు పక్కనుంచి తిరిగి పోతుంది. అలా తిరగడం వల్లే కణం రెండు చివరల దగ్గర వోల్టేజీ ఇంకాస్త పేరుకుంటుంది. గుండ్రటి కణానికి లెక్క ఇది: పొర మీద పడే వోల్టేజీ = 1.5 × బయటి విద్యుత్ క్షేత్రం × కణం వ్యాసార్ధం. సెంటీమీటరుకు 1,000 వోల్టుల క్షేత్రంలో 10 మైక్రోమీటర్ల వ్యాసార్ధమున్న కణాన్ని పెడితే 1.5 వోల్టులు వస్తాయి. గోడ గడియారంలో వేసే సెల్లు అంత! ఇంతేనా అనిపిస్తుంది. దాన్ని 5 నానోమీటర్లతో భాగించి చూడండి: మీటరుకు 30 కోట్ల వోల్టులు. గాలిలోనైతే మీటరుకు 30 లక్షల దగ్గరే నిప్పురవ్వ లేస్తుంది. అసలు ఏమీ పెట్టకముందే నరాల కణం పొర మీద సుమారు 70 మిల్లీవోల్టులు ఉంటాయి. అదే మీటరుకు 1.4 కోట్ల వోల్టులు. బయాలజీ పుస్తకంలో ఒక గీతగా గీసి, మార్కుల కోసం 'పాక్షిక పారగమ్య త్వచం' అని బట్టీ పట్టించే పొర ఇది. ఫిజిక్స్ సారూ బయాలజీ మేడమూ ఒకే స్టాఫ్‌రూములో టీ తాగుతారు గానీ, ఈ లెక్క ఇద్దరి పీరియడ్లలోనూ రాదు.

పొర మీద వోల్టేజీ 0.2 నుంచి 1 వోల్టు మధ్యకు చేరేసరికే నీటి అణువులు కొవ్వు వరసల్లోకి దూరడం మొదలవుతుంది. పక్కనున్న కొవ్వు అణువులు నీటిని ఇష్టపడే తలలను అటు తిప్పుకుంటాయి. నానోమీటరు స్థాయి రంధ్రం తయారవుతుంది. దీన్నే ఎలక్ట్రోపొరేషన్ అంటారు. 1982లో ఎబర్‌హార్డ్ నాయ్‌మన్ బృందం ఈ దారిలోనే ఎలుక కణాల్లోకి జన్యువును పంపింది.

సూత్రంలో వ్యాసార్ధం ఉంది కదా, కణం చిన్నదైతే ఎక్కువ క్షేత్రం కావాలి. బ్యాక్టీరియాకు సాధారణంగా సెంటీమీటరుకు పది వేల వోల్టులు దాటాలి. అందుకే ల్యాబులో ఒక్క మిల్లీమీటరు ఎడంతో రెండు అల్యూమినియం పలకలున్న చిన్న ప్లాస్టిక్ డబ్బీలో బ్యాక్టీరియాను, డీఎన్ఏను కలిపి పోసి 1,800 వోల్టులు కొడతారు. డీఎన్ఏ ద్రావణంలో ఉప్పు ఎక్కువైతే 'టప్' మని పేలుతుంది. ఆ రోజు ప్రయోగం మళ్ళీ మొదటికే.

డీఎన్ఏ విషయంలో ఇంకో తమాషా ఉంది. దానికి రుణావేశం. కాబట్టి ధన ఎలక్ట్రోడ్ వైపు కదులుతూ, రుణ ఎలక్ట్రోడ్‌కు ఎదురుగా ఉన్న కణం ముఖానికి వచ్చి అతుక్కుంటుంది. చిన్న మందు అణువులు రంధ్రాల్లోంచి నేరుగా జారిపోతాయి. డీఎన్ఏ మాత్రం ముందు పొరకు అంటుకుని, కరెంటు ఆగాక నిమిషాల మీద మెల్లగా లోపలికి పోతుంది.

ఇక మాడటం సంగతి. జాయింటు కాలేది వోల్టేజీ పడినందుకు మాత్రమే అయితే ఒక్క క్షణంలోనే కాలాలి. అది గంటల తరబడి వేడెక్కి కాలుతుంది. క్యాన్సర్ గడ్డకు సాధారణంగా ఇచ్చేది 8 దెబ్బలు, ఒక్కోటి 100 మైక్రోసెకన్లు. మొత్తం కలిపితే సెకనులో వెయ్యో వంతు కూడా కాదు. మనింటి 50 హెర్ట్జ్ కరెంటు ఒక్క ఆవృత్తికి 20 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. అందులో ఇది 25వ వంతు. పొర వోల్టేజీ నిండటానికి మైక్రోసెకను చాలు, వేడెక్కడానికి మాత్రం ఆ వ్యవధి చాలదు. కరెంటు ఆగాక రంధ్రాలు పూర్తిగా పూడటానికి ఒంటి వేడి దగ్గర నిమిషాలు పడుతుంది. మందు దూరడానికి దొరికేది ఆ సందే.

కరెంటు మాత్రం ఒంట్లో మిగలదు. షాక్ కొట్టినవాళ్ళను ఇసుకలోనో పేడలోనో పూడ్చితే 'ఒంట్ల కరెంటు దిగుతది' అని ఇంకా నమ్మేవాళ్ళున్నారు. దిగడానికి అక్కడ ఏమీ ఉండదు. మెయిన్ ఆపి, శ్వాస లేకపోతే ఛాతీ మీద నొక్కుతూ 108ని పిలవాలి. పూడ్చడంలో పోయేది విలువైన టైమే.

మందుల్లో బ్లియోమైసిన్ ముచ్చట చెప్పాలి. కణంలోకి చేరితే డీఎన్ఏను తెగ నరికే మందు, కానీ పొర దాటడం దానికి చాలా కష్టం. కరెంటు దెబ్బతో కలిపితే కణాల మీద దాని ప్రభావం వందల రెట్లు పెరుగుతుంది. ఫ్రాన్స్‌లో లూయిస్ మీర్ బృందం 1991లోనే మనుషుల్లో ఫలితాలు ప్రకటించింది. కండరాలు ఎగిరిపడతాయి, నొప్పి ఉంటుంది, అందుకే మత్తు ఇచ్చి చేస్తారు. చర్మం మీదో, చర్మం కిందో ఉన్న గడ్డలకు ఇది బాగా పనికొస్తుంది.

కావాలనే రంధ్రాలు మూసుకోకుండా గట్టిగా కొట్టే పద్ధతి కూడా ఉంది. గుండె లయ తప్పినప్పుడు గాడి తప్పిన చోట కణాలను ఇలా చంపే పరికరానికి 2023 డిసెంబరులో అమెరికా అనుమతి ఇచ్చింది. ఆ కణాలు చచ్చేది కాలి కాదు, పొర కారిపోయి.

అదే నెలలో అమెరికా, ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంకరపోయే సికిల్ సెల్ జబ్బుకు కాస్జెవీ అనే చికిత్సనూ ఆమోదించింది. బ్రిటన్ అంతకు నెల ముందే ఒప్పుకుంది. రోగి రక్త మూలకణాలను బయటికి తీసి, జన్యువును కత్తిరించే క్రిస్పర్ సరంజామాను ఎలక్ట్రోపొరేషన్‌తోనే లోపలికి పంపుతారు. తర్వాత కీమోతో ఎముక మూలుగను ఖాళీ చేసి, దిద్దిన కణాలను తిరిగి ఎక్కిస్తారు. మన దేశంలో సికిల్ సెల్ ఎక్కువగా గిరిజనుల్లోనే కనిపిస్తుంది. అమెరికాలో ఈ చికిత్సకు పెట్టిన ధర 22 లక్షల డాలర్లు.