పూర్తిగా మునిగాకే సాయం అడగాలా? కొన్ని అపోహలు, వాస్తవాలు

మొన్న ఒకావిడ నేను పనిచేసే సాయం సంస్థకు ఫోన్ చేసి పది నిమిషాలు ఏవేవో మాట్లాడి, చివర్లో అసలు విషయం చెప్పింది. మూడు నెలల అద్దె బాకీ. వెంటనే, "మాకన్నా కష్టంలో ఉన్నవాళ్లు బోలెడుమంది ఉంటారు కదమ్మా, వాళ్లకి అందాల్సింది మేం తినేసినట్టు అవుతుందేమో" అంది. వారానికి ఒకసారైనా ఈ మాట వింటాను. కోపం వస్తుంది. ఆవిడ మీద కాదు, ఈ మాట ఆవిడ తలకెక్కించినవాళ్ల మీద.

అపోహ: ఇక వేరే దారే లేదనుకున్నాకే సాయం అడగాలి.

వాస్తవం: ఆలస్యమైనకొద్దీ కావాల్సిన సాయం పెరుగుతుంది. మొదటి నెలలోనే వస్తే ఆ నెల సరుకులు మేమిస్తాం, చేతిలో ఉన్న డబ్బు అద్దెకు పోతుంది, ఇంటి ఓనరుతో మాట్లాడి గడువు అడుగుతాం. చాలామందికి అంతటితో సరిపోతుంది. నాలుగో నెలలో వచ్చేసరికి వడ్డీకి అప్పు తెచ్చి ఉంటారు, పని చేసుకునే సామాను అమ్మేసి ఉంటారు. అప్పు తీర్చడానికి సంపాదించాలి, సంపాదించే సాధనమేమో అమ్ముడైపోయింది.

నేను చేరిన కొత్తలో బట్టలు కుట్టే ఒకామె పిల్లల ఫీజు కోసం కుట్టు మిషను అమ్మేసి, ఆ తర్వాత మా దగ్గరకు వచ్చింది. "ముందే రావాల్సింది కదా" అన్నాను. ఆమె తల దించుకుంది. అసలే సిగ్గుతో చచ్చిపోతూ వచ్చిన మనిషిని అలా అనొచ్చా? ఆ మాట మళ్లీ ఎవరితోనూ అనలేదు. ఫీజు వాయిదాల్లో కట్టేలా మాట్లాడటం ఒక పూట పని. ఇంకో మిషను సమకూర్చడానికి మాకు ఎనిమిది నెలలు పట్టింది.

పేదవాళ్లకు ప్లానింగ్ తెలియదనే మాట కూడా వదిలేయండి. 2013లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధనలో తమిళనాడు చెరకు రైతులకు కోతకు ముందు ఒకసారి, కోత తర్వాత ఒకసారి పరీక్షలు పెట్టారు. చేతిలో డబ్బులేని రోజుల్లో అదే రైతులు తక్కువ మార్కులు తెచ్చుకున్నారు. కోత తర్వాత మనుషులు మారలేదు, తలలో డబ్బు ఆలోచనల బరువు తగ్గిందంతే.

పేరు రాసుకుంటే పిల్లల్ని తీసుకుపోతారట, తర్వాత వడ్డీతో వసూలు చేస్తారట! ఎవరు పుట్టిస్తారో ఇవన్నీ. పేరు రాసుకునేది వచ్చే నెల మళ్లీ పలకరించడానికి. ఫొటోల భయం మాత్రం ఉత్త పుకారు కాదు, సంచి చేతిలో పెట్టి ఫొటో తీసేవాళ్లు ఉన్నారు. వద్దని చెప్పండి, అది మీ హక్కు.

దాతలకూ రెండు మాటలు. డబ్బు చేతికిస్తే తాగేస్తారన్నది నిజం కాదు. చాలా దేశాల నగదు సాయం పథకాలపై వచ్చిన అధ్యయనాలను ప్రపంచ బ్యాంకు పరిశోధకులు 2014లో కలిపి చూస్తే, దాదాపు ఎక్కడా మద్యం, పొగాకు ఖర్చు పెరగలేదు. ఇక చిరిగిన బట్టలు పంపకండి. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో పాత బట్టలు రోడ్ల పక్కన కుప్పలుగా పడి ఉన్నాయి.

ఫోన్ చేసినావిడ చివరికి, "ఎవరికీ చెప్పరు కదమ్మా?" అని అడిగింది. చెప్పనన్నాను. వాళ్లాయన రోజూ పనికి వేసుకెళ్లే బండికి అప్పటికే బేరం కుదిరిందట. అడ్వాన్సు తీసుకోలేదు కదా అని అడిగాను. ఇంకా లేదంది. సాయంత్రం వస్తున్నాను, అప్పటిదాకా తీసుకోవద్దని చెప్పాను.