డయాబ్లో 2లో సాకెట్లు, రూన్లు: అపోహలు - వాస్తవాలు

కొత్తగా ఆడేవాళ్లకు గేర్ (ఆయుధాలు, కవచాలు) సిద్ధం చేసిపెట్టడం నాకు చాలా ఇష్టమైన పని. డయాబ్లో 2 అనే కంప్యూటర్ గేమ్ వచ్చింది 2000లో. రూన్లనూ రూన్‌వర్డ్‌లనూ తెచ్చిన దాని అదనపు భాగం లార్డ్ ఆఫ్ డిస్ట్రక్షన్ 2001లో వచ్చింది. సాకెట్లంటే వస్తువుల్లో ఉండే గుంటలు, రూన్లంటే వాటిలో పెట్టే మంత్రరాళ్లు. సరైన రూన్లు సరైన వరసలో పెడితే వస్తువుకు వచ్చే ప్రత్యేక శక్తులే రూన్‌వర్డ్. 2021లో ఆట కొత్త రూపం రిసరెక్టెడ్ వచ్చాక కొత్త తరం ఆటలో అడుగుపెట్టింది, పాత అపోహలు వాళ్ల నోటా వినిపిస్తున్నాయి. వారాల తరబడి తిరిగి పోగేసుకున్న రూన్లు ఒక్క క్లిక్‌తో పోతే ఎంత బాధగా ఉంటుందో నాకు తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: సాకెట్లు ఎన్ని ఎక్కువుంటే వస్తువు అంత గొప్పది.

రూన్‌వర్డ్‌కు కావలసింది ఎక్కువ సాకెట్లు కాదు, సరిగ్గా సరిపోయే సాకెట్లు. ఎనిగ్మా అనే రూన్‌వర్డ్‌కు జా, ఇత్, బెర్ అని మూడు రూన్లు కావాలి. కవచానికి నాలుగు సాకెట్లుంటే, మూడింట్లో అవే రూన్లు పెట్టి నాలుగోది ఖాళీగా వదిలినా ఎనిగ్మా రాదు. జా, బెర్ దొరకడం ఎంత కష్టమో ఆడినవాళ్లకు చెప్పక్కర్లేదు. తొలిదశలో బాగా పనికొచ్చే స్టెల్త్‌కు టాల్, ఎత్ చాలు. దానికి రెండు సాకెట్ల కవచమే కావాలి. మూడు సాకెట్లున్న కవచం చూడ్డానికి మెరుగ్గా ఉండొచ్చు, స్టెల్త్‌కు మాత్రం పనికిరాదు.

అపోహ: కమ్మరి లార్జుక్‌కు ఇస్తే మనకు కావలసినన్ని సాకెట్లు వేస్తాడు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఐదో అంకంలో మొదటి క్వెస్ట్ పూర్తిచేస్తే లార్జుక్ ఒక వస్తువుకు సాకెట్లు వేసిపెడతాడు. ఒక్కో డిఫికల్టీలో (నార్మల్, నైట్‌మేర్, హెల్) ఒక్కసారి, అంటే ఒక క్యారెక్టర్‌కు మొత్తం మూడుసార్లు. ఎన్ని వేయాలో మనల్ని అడగడు. మామూలు వస్తువు ఇస్తే దానికి పట్టగలిగిన గరిష్ఠ సంఖ్య వేసేస్తాడు. మామూలుదానికంటే కాస్త మెరుగైన సుపీరియర్ వస్తువుకూ అంతే. మ్యాజిక్ వస్తువుకు ఒకటో రెండో పడతాయి. రేర్, సెట్, యూనిక్ వస్తువులకు ఒక్కటే.

ఆ గరిష్ఠ సంఖ్య వస్తువు రకాన్ని బట్టి, దాని ఐటెమ్ లెవెల్‌ను బట్టి ఉంటుంది. నేలమీద పడిన వస్తువు ఐటెమ్ లెవెల్, దాన్ని వదిలిన రాక్షసుడి లెవెల్ నుంచే వస్తుంది. స్పిరిట్ అనే రూన్‌వర్డ్ కోసం అందరూ వెతికే క్రిస్టల్ స్వోర్డ్‌నే తీసుకోండి. ఐటెమ్ లెవెల్ 25 దాకా గరిష్ఠం మూడు సాకెట్లు. 26 నుంచి 40 దాకా నాలుగు. 41 నుంచి ఆరు. స్పిరిట్‌కు సరిగ్గా నాలుగే కావాలి. నార్మల్ డిఫికల్టీలో ఆవుల లెవెల్‌లో పడే క్రిస్టల్ స్వోర్డ్ ఐటెమ్ లెవెల్ 28, కాబట్టి లార్జుక్ కచ్చితంగా నాలుగు వేస్తాడు. అదే కత్తి హెల్ డిఫికల్టీలో దొరికితే ఆరు వేస్తాడు, ఇక అందులో స్పిరిట్ ఎప్పటికీ కుదరదు. పేరూ బొమ్మా రెండింటికీ ఒకటే. అందుకే కత్తి ఎక్కడ దొరికిందో గుర్తుపెట్టుకోమని నేను పదేపదే చెబుతుంటాను.

మోనార్క్ డాలు విషయంలో ఈ టెన్షన్ లేదు. అది పడేదే పెద్ద లెవెల్లో, దాని గరిష్ఠం నాలుగే. లార్జుక్‌కు ఇస్తే నాలుగు ఖాయం. కాకపోతే దాన్ని పట్టుకోవడానికి 156 స్ట్రెంత్ కావాలి. స్టాట్ పాయింట్లు ఎక్కడెక్కడ ఖర్చు పెట్టాలో దానికి తగ్గట్టు ముందే ఆలోచించుకోవాలి.

అపోహ: క్యూబ్‌తో (వస్తువులను కలిపి మార్చే పెట్టెతో) సాకెట్లు వేయడం పూర్తిగా లాటరీ.

కొంతవరకే లాటరీ. సాకెట్లు వేసే హొరాడ్రిక్ క్యూబ్ రెసిపీలు నాలుగు. ఆయుధానికి రాల్, ఆమ్న్, పర్ఫెక్ట్ అమెథిస్ట్. కవచానికి టాల్, థుల్, పర్ఫెక్ట్ టోపాజ్. హెల్మెట్‌కు రాల్, థుల్, పర్ఫెక్ట్ సఫైర్. డాలుకు టాల్, ఆమ్న్, పర్ఫెక్ట్ రూబీ. వీటితో పాటు సాకెట్లు లేని మామూలు వస్తువు పెట్టాలి. సుపీరియర్ పెడితే క్యూబ్ ఒప్పుకోదు.

లోపల జరిగేది పాచిక వేసినట్టే. ఒకటి నుంచి ఆరులో ఒక అంకె పడుతుంది. అది వస్తువు గరిష్ఠాన్ని మించితే గరిష్ఠం దగ్గరే ఆగుతుంది. అంటే నాలుగు సాకెట్ల గరిష్ఠమున్న కవచానికి 4, 5, 6లో ఏది పడినా నాలుగే వస్తాయి. సగానికి సగం అవకాశమన్నమాట. ఆరు సాకెట్లు పట్టే ఆయుధానికి ఆరూ రావాలంటే ఆరింట ఒక్క వంతే అవకాశం. ఈ లెక్క తెలిసినవాళ్లు నాలుగు సాకెట్ల కవచానికి క్యూబ్ వాడి, లార్జుక్ క్వెస్ట్‌ను యూనిక్ వస్తువు కోసం దాచుకుంటారు. నేనూ అదే చేస్తాను.

అపోహ: రూన్లు ఏ వరసలో పెట్టినా ఒకటే.

కాదు. స్పిరిట్ అంటే టాల్, థుల్, ఓర్ట్, ఆమ్న్. ఈ వరసే. ఒకసారి నేను మోనార్క్‌లో థుల్‌ను ముందు పెట్టేశాను. అప్పటికి నా దగ్గరున్న ఆమ్న్ అదొక్కటే. వచ్చింది పాయిజన్, కోల్డ్, లైట్నింగ్ రెసిస్టెన్స్ తలా 35, ఆమ్న్ వల్ల మనల్ని కొట్టినవాడికి కాస్త దెబ్బ, అంతే. అన్ని స్కిల్స్‌కూ +2 లేదు, మంత్రాల వేగం పెంచే ఫాస్టర్ కాస్ట్ రేట్ లేదు. అప్పటినుంచి వరసను కాగితం మీద రాసుకుని, ఒక్కో రూన్ పెట్టేముందు దాన్ని చూసుకుంటున్నాను.

ఇంకో మాట. రూన్‌వర్డ్ పడేది బూడిద రంగు పేరుతో కనిపించే మామూలు సాకెట్ వస్తువుల్లోనే. నీలం, పసుపు, ఆకుపచ్చ, బంగారు రంగు పేర్లున్న వాటిలో (మ్యాజిక్, రేర్, సెట్, యూనిక్) సరైన రూన్లు సరైన వరసలో పెట్టినా రూన్‌వర్డ్ రాదు.

అపోహ: పెట్టింది తర్వాత తీసి వాడుకోవచ్చు.

తీయొచ్చు, వాడుకోలేం. హెల్ అనే పేరున్న రూన్, టౌన్ పోర్టల్ స్క్రోల్, ఆ వస్తువు మూడూ క్యూబ్‌లో వేస్తే సాకెట్లు ఖాళీ అవుతాయి. లోపలి రూన్లూ జెమ్‌లూ (రత్నాలూ) నాశనమవుతాయి. మంచి బేస్‌ను, అంటే రూన్లు పెట్టే వస్తువును, కాపాడుకోవడానికే ఇది ఉపయోగం. నా మోనార్క్ ఇలాగే మిగిలింది.

వేరే ఆటలు ఆడి వచ్చినవాళ్లు తడబడేది ఇక్కడే. డయాబ్లో 3లో నగల పనివాడికి కాస్త బంగారం ఇస్తే జెమ్ చెక్కుచెదరకుండా తిరిగిచ్చేస్తాడు. పాత్ ఆఫ్ ఎగ్జైల్ మొదటి భాగంలో స్కిల్ జెమ్‌లను ఎన్నిసార్లయినా ఉచితంగా తీసి పెట్టుకోవచ్చు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో కొత్త జెమ్ పెడితే పాతది పోతుంది. ఒక ఆట అలవాటు ఇంకో ఆటకు నమ్మకంగా తెచ్చుకోకూడదు.

అపోహ: జెమ్ ఎక్కడ పెట్టినా పని ఒకటే.

పెట్టే చోటును బట్టి పని మారిపోతుంది. పర్ఫెక్ట్ టోపాజ్ ఆయుధంలో లైట్నింగ్ డ్యామేజ్ ఇస్తుంది, డాలులో లైట్నింగ్ రెసిస్టెన్స్ ఇస్తుంది, హెల్మెట్‌లోనో కవచంలోనో 24 శాతం మ్యాజిక్ ఫైండ్ (మంచి వస్తువులు దొరికే అవకాశం) ఇస్తుంది. నాలుగు సాకెట్ల కవచంలో నాలుగూ అవే పెడితే 96 శాతం. ఖర్చు తక్కువ, ఫలితం పెద్దది. నా కొత్త క్యారెక్టర్లన్నిటికీ మొదట ఇదే వేస్తాను. ఒకే రకం, ఒకే స్థాయి జెమ్‌లు మూడు కలిపితే పై స్థాయిది ఒకటి వస్తుంది. చిప్డ్ నుంచి పర్ఫెక్ట్ దాకా వెళ్లాలంటే 81 కావాలి. కాబట్టి చిన్నవాటిని పారేయకండి.

అపోహ: ఎథీరియల్ వస్తువు బాగుచేయలేం కాబట్టి దండగ.

మన చేతిలో అయితే అరిగిపోతుంది, నిజమే. కూలికి పెట్టుకున్న సైనికుడి చేతిలో మాత్రం అరగదు. ఎథీరియల్ ఆయుధానికి డ్యామేజ్ 50 శాతం ఎక్కువ కూడా. నాలుగు సాకెట్ల ఎథీరియల్ పోల్ఆర్మ్ (పొడవాటి కర్రకు అమర్చిన ఆయుధం) దొరికితే అందులో రాల్, టిర్, టాల్, సోల్ ఈ వరసలో పెట్టండి. ఇన్‌సైట్ వస్తుంది. దాన్ని పట్టుకున్న సైనికుడి మెడిటేషన్ ఆరా వల్ల మన మానా నిండుతూనే ఉంటుంది. ఈ రూన్లలో ఏదీ అరుదైనది కాదు. పెద్ద రూన్ల కోసం ఎదురుచూస్తూ వీటిని పెట్టెలో దాచకండి, ఈరోజే వాడేయండి.