నీడ చూసి పొద్దు చెప్పడం, సైన్ ఇన్వర్స్

పిల్లలూ,

మొన్న ఫోన్లో చిన్నోడు అడిగాడు కదా, తాతయ్యా సైన్ 30 అర, సైన్ 150 కూడా అరే, మరి సైన్ ఇన్వర్స్ అర అంటే 30 మాత్రమే రాయాలంట ఎందుకూ అని. ఇంటర్ వన్-ఏ పుస్తకంలో ప్రిన్సిపల్ వాల్యూ (చాలా జవాబుల్లోంచి ఎంచుకున్న ఒక్కటి) అని ఒక ముక్క చెప్పి వదిలేస్తారు, అడిగినోడికి శభాష్.

మా చిన్నప్పుడు ఇంట్లో గడియారం లేదు. మా నాయనమ్మ పెరట్లో నిలబడి, తన నీడ కొసన నాచేత రాయి పెట్టించి, దాన్ని తన పాదాలతోనే కొలుచుకుంటూ పోయి ఇంకా ఇంత పొద్దుంది అనేది. నేను రాయి కొంచెం జరిపానో, వీపు మోగేది. కానీ ఉత్త అడుగుల లెక్క చెప్తే చాలదు, పొద్దునా సాయంత్రమా అన్నది కూడా తెలియాలి.

ఇప్పుడు ఒక కర్ర నిలబెట్టి, దాని కొస నుంచి నీడ కొసకి దారం లాగండి. కర్రని దారంతో భాగిస్తే వచ్చేదే సైన్. దారం కర్రకి రెట్టింపుంటే అర. అది పొద్దున సూర్యుడు తూర్పు అంచు నుంచి 30 డిగ్రీల దగ్గరున్నప్పుడు ఒకసారి, సాయంత్రం 150కి దిగాక ఇంకోసారి వస్తుంది (సూర్యుడు సరిగ్గా నెత్తి మీద నుంచి పోయేది మన వైపు ఏడాదికి రెండు రోజులే, అలాంటి రోజనుకోండి). ఇన్వర్స్ అంటే దారం చూసి పొద్దు చెప్పడం, కానీ ఒక్క ప్రశ్నకి రెండు జవాబులొస్తే అది ప్రమేయమే (ఫంక్షనే) కాదు, అందుకని అందరూ ఒక ఒప్పందానికొచ్చారు, అర్ధరాత్రి నుంచి మిట్టమధ్యాహ్నం దాకానే లెక్క, అంటే మైనస్ 90 నుంచి 90. సూర్యుడు నేల కిందుంటే మైనస్. కాస్ ఇన్వర్స్‌కి వేరే ఒప్పందం, అక్కడ నీడని దారంతో భాగిస్తాం, పడమరకి పడితే ప్లస్, తూర్పుకి పడితే మైనస్, పొద్దునో సాయంత్రమో నీడే చెప్పేస్తుంది, కాబట్టి తెల్లారిన దగ్గర్నుంచి పొద్దుగుంకే దాకా, 0 నుంచి 180.

ఇన్వర్స్ అని చెప్పడానికి సైన్ నెత్తిన రాసే మైనస్ వన్ పవర్ కాదర్రా, ఒకటి బై సైన్ అని తిప్పేయకండి, అది కొసీక్.

ఇక పెద్దదానికి, నువ్వు భయపడే కాస్ హెచ్ (హైపర్బాలిక్ కాస్) మీ వీధిలోనే ఉంది, రెండు స్తంభాల మధ్య వేలాడే తీగ వంపు అదే. గెలీలియో 1638లో ఆ వంపు పరావలయానికి (పారాబోలాకి) దగ్గరగా ఉంటుందన్నాడు, అసలు సమీకరణం 1691లో లెక్కల పండితులు యోహాన్ బెర్నౌలీ, లైబ్నిజ్, హైగెన్స్ తేల్చారు, కాస్ హెచ్ అన్న పేరు అప్పటికింకా పుట్టనే లేదు. దాంట్లోనూ పొద్దునా సాయంత్రం ఉన్నాయి, కుడివైపు ఎంత ఎత్తో ఎడమవైపూ అంతే, అందుకే ఇన్వర్స్‌కి కుడివైపు మాత్రమే తీసుకుంటాం. సైన్ హెచ్ అయితే ఎక్కుతూనే పోతుంది, దానికి ఏ ఒప్పందమూ అక్కర్లేదు. ఈ ఇన్వర్స్‌లు లాగ్‌తో ఎందుకు రాయొచ్చో మీ మేడమ్ చెప్తుంది, తీగ వంపులో లాగ్ ఎలా దూరిందా అని నాకిప్పటికీ ఆశ్చర్యమే.

ఆదివారం డాబా మీద కర్ర పెట్టి, పదింటికి నీడ కొసన గీత గీయండి, మధ్యాహ్నం దాటాక నీడ మళ్ళీ సరిగ్గా అంత పొడవు ఎప్పుడవుతుందో కాపు కాసి టైమ్ రాసుకోండి. రెండు టైముల సరిగ్గా మధ్యలో మీ ఊరి అసలు మధ్యాహ్నం ఉంటుంది. మన దేశం టైమ్ లెక్కగట్టే రేఖాంశం ఈ కాకినాడ దగ్గర నుంచే పోతుంది, మీ హైదరాబాద్ దానికి పడమర, అందుకని మీకు నాకన్నా పావుగంట దాకా ఆలస్యం రావాలి. నేనూ ఇక్కడ కర్ర పెడతాను, మీది ఎంతొచ్చిందో వాట్సాప్ చెయ్యండి.

తాతయ్య