తులిప్ మొగ్గ వేసవిలోనే పుడుతుంది

నల్గొండ నుంచి ఒక పాఠకురాలు అడిగారు: “నవంబరులో తులిప్ గడ్డలు నాటాను. ఆకులు బాగానే వచ్చాయి. మొగ్గ మాత్రం ఆకుల నడుమే ఎండిపోయింది. మన వేడికి తులిప్ పువ్వు పుట్టదా?”

పుట్టిందండీ, మీరు నాటకముందే పుట్టింది. ఆకులు పండి ఎండిపోయాక, 17 నుంచి 20 డిగ్రీల వెచ్చదనంలో గడ్డ లోపల పువ్వు తయారవుతుంది. మొదట బయటి మూడు రేకులు, తరువాత లోపలి మూడు, ఆపైన మూడేసి చొప్పున ఆరు కేసరాలు, చివరికి గింజలు కట్టే అండకోశం. నెదర్లాండ్స్ రైతులు కొన్ని గడ్డలను నిలువుగా కోసి, భూతద్దం కింద అండకోశం కనిపించాకే మిగతావాటిని శీతల గదికి పంపుతారు. కొద్ది మిల్లీమీటర్ల మొగ్గలో పువ్వంతా ఉంటుంది! దేవరకద్ర మార్కెట్టుకు వచ్చే ఉల్లిగడ్డను కోస్తే సాధారణంగా నడుమ ఆకుమొగ్గలే ఉంటాయి. ఉల్లికి చలి తగిలాకే పూమొగ్గ ఏర్పడుతుంది. బడిలో ఇలాంటి గడ్డను లశునం అని చెప్పి, బొమ్మ గీయించి వదిలేస్తాం. తులిప్, ఉల్లి గడ్డలు రెండిటినీ పక్కపక్కన కోసి చూపిస్తే పిల్లలు జన్మలో మరిచిపోరు.

మరి తులిప్‌కు చలి ఎందుకు? కాడ కోసం. 5 నుంచి 9 డిగ్రీల చలిలో 12 నుంచి 16 వారాలు గడిస్తే గడ్డలోని పిండిపదార్థం చక్కెరలుగా విడిపోతుంది, పెరుగుదలను నడిపే జిబ్బరెల్లిన్, ఆక్సిన్ హార్మోన్లకు కాడ స్పందించే తీరు మారుతుంది. తరువాత కాస్త వెచ్చబడగానే చక్కెర చేరిన కణాలు నీటిని లాక్కుంటాయి, ఆ ఒత్తిడికి కణాల గోడలు సాగుతాయి. కాడ పొడవు చాలావరకు ఈ సాగుడే. తులిప్ పుట్టిల్లయిన మధ్య ఆసియాలోని టియాన్ షాన్, పామీర్ కొండల్లో మంచు కరగడానికీ ఎండలు ముదరడానికీ మధ్య వ్యవధి తక్కువ కాబట్టి, అక్కడి మొక్కకు ఈ తొందర అవసరం. నల్గొండలో డిసెంబరు రాత్రులు 15 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటాయి, పగలు ఎండ సరేసరి. అందుకే మీ కాడ సాగలేదు, మొగ్గ లోపలే మాడిపోయింది.

కుండీలో ఐసు ముక్కలు పరచమని చెప్పేవారిని నమ్మకండి. వారాల తరబడి ఎడతెగని చలికి అది సాటిరాదు, పైగా గడ్డ కుళ్లుతుంది. సెప్టెంబరులో గడ్డలను కాగితం సంచిలో పెట్టి ఫ్రిజ్‌లో కూరగాయల అరలో ఉంచండి. పక్కన ఆపిల్, అరటి వంటి పండ్లు ఉండకూడదు. అవి వదిలే ఇథిలీన్ వాయువు లోపలి మొగ్గను చంపేస్తుంది. డిసెంబరు చివర నీడపట్టున నాటండి. ఒక్క పూతతో సరిపెట్టుకోవాలి, మరుసటి ఏటికి ఆ గడ్డ పనికిరాదు.

నా ఓటు మాత్రం నర్సరీల్లో అమరిల్లిస్ పేరుతో అమ్మే హిప్పియాస్ట్రమ్‌కే. దానికి ఇంత చలి అక్కరలేదు. మన ఎర్రచెలకలో పశువుల ఎరువు కలిపి, గడ్డ మెడ మట్టిపైన ఉండేలా నాటండి. చలికాలంలో కొన్ని వారాలు నీరు ఆపి, మళ్లీ పోయండి. మార్చి, ఏప్రిల్‌లో పూస్తుంది. పూత అయ్యాక ఆకులు కోయకండి. వచ్చే ఏటి పూలకు ఆహారం కూడబెట్టేది అవే.